అడిగినట్టే నడిచాడు

కదలకు వదినా! సూది లోపలుంది. కదిలావంటే బొబ్బ చితికిపోతుంది, ఇక కొండ కాదు కదా, ఈ షెడ్డు కూడా దాటలేవు.

నొప్పా? నొప్పి ఉండదూ మరి! వారం రోజుల నడకకి కొత్త చెప్పులేసుకు రమ్మని నీకెవరు చెప్పారు? మెరుస్తున్నాయని కొనేసుకున్నావ్. ఇప్పుడు నీ మడమలు కూడా మెరుస్తున్నాయి, చూసుకో.

ఆగు, ఆగు. ఇప్పుడు స్తోత్రం అనకు. ఇంకొక్కసారి స్తోత్రం అన్నావంటే సూది ఇలాగే వదిలేసి పోతా, ఆ!

అసలు ఆ నియమం పెట్టిన మహానుభావుడెవరో నాకు కనబడాలి. ఆగిన ప్రతిచోటా గుండ్రంగా నిలబడాలట. ఒక్కొక్కరూ ఒక్కో మేలు చెప్పి స్తోత్రం అనాలట. ఆ తర్వాతే నీళ్ళట! పైగా ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. మొదట్లో బాగానే ఉంది. ఆరోగ్యం, పిల్లలు, ఉద్యోగం. సగం దారికొచ్చేసరికి మేళ్ళన్నీ అయిపోయాయి. డ్రైవరు బాబాయి కట్టుడు పళ్ళకి స్తోత్రం చెప్పాడు. నేనేమో, ఎదురుగాలి వీస్తోంది కాబట్టి వెనక మా వదిన పాడే పాట నాకు వినపడటం లేదు, స్తోత్రం అన్నాను. అందరూ నవ్వారు. పాస్టరుగారు నవ్వాపుకోలేక దగ్గారు. నువ్వొక్కదానివే మూతి ముడుచుకున్నావ్.

సరే, అవన్నీ తోవలో మాటలు. పైన మందిరంలో సాక్ష్యం చెప్పాల్సింది నేను. దేనికి చెప్పాలో నీకు బాగా తెలుసు. నాకూ తెలుసు. ఆ రోజు మన చర్చిలో మోకాళ్ళ మీద, మైకు ముందు మొక్కుకున్నది నేనే కదా!

ఏం మొక్కుకున్నాను? చెప్పు. నువ్వు చెప్పవులే, నేనే చెబుతా. మీ తమ్ముడు పక్షవాతమొచ్చి మంచాన పడి మూడేళ్ళు. పగలంతా వర్క్‌షాపులో ముక్కూ మొహం తెలియని వాళ్ళ చొక్కాలకి గుండీలు కుట్టేదాన్ని. ఇంటికొచ్చి మీ తమ్ముడి చొక్కాకి గుండీలు పెట్టేదాన్ని. ఎడమచెయ్యి రాదు కదా. నేనొచ్చేలోపే ఒంటిచేత్తో పెట్టేసుకోవాలని పంతం. ఒకటి కిందా ఒకటి పైనా పెట్టుకుని, చొక్కా ఒక పక్క పొట్టిగా, ఒక పక్క పొడుగ్గా, పెద్ద ఘనకార్యం చేసినట్టు కూర్చునేవాడు. "నా మొహంలా ఉంది, ఇటు తిరుగు" అనేదాన్ని. గడ్డం పైకెత్తి పెట్టేవాడు, స్కూలుకెళ్ళే పిల్లాడిలా.

అప్పుడు అడిగాను. ప్రభువా, ఈయన తన కాళ్ళ మీద తను లేచి, ఎవరి సాయమూ లేకుండా, తనకి నచ్చిన చోటికి నడిచి వెళ్ళేలా చెయ్యి. నీ కొండకి కాలినడకన వచ్చి స్తోత్రం చెల్లిస్తాను. నా పక్కన నువ్వు ఆమెన్ అన్నావ్. అందరికంటే గట్టిగా అన్నావ్.

లేచాడు. నడిచాడు. నచ్చిన చోటికే వెళ్ళాడు! రేజరు, తువ్వాలు, నేను కుట్టిన నీలం చొక్కా సంచిలో సర్దుకుని, వ్యాయామం చేయించడానికి వచ్చే ఆవిడ ఇంటికి. చేతికర్ర గోడకే వదిలేశాడు. ఎందుకిక? నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నా. చెబితే నమ్మవు, ఎంత బాగా నడుస్తున్నాడో అనుకున్నాను.

ఇప్పుడు నేనెవరితో పోట్లాడాలి, చెప్పు? ప్రభువుతోనా? ఆయన అడిగింది అడిగినట్టే ఇచ్చాడే! నా దగ్గరే ఉండాలి అని ఒక్క మాట కలిపి ఉంటే సరిపోయేది. తోచలేదు. ఎవరికైనా తోస్తుందా అలాంటి మాట?

మరి ఎందుకొచ్చావంటావా? మాటన్నాక మాటే. నేను మాట తప్పానని ఆయన చేత అనిపించుకోను. నడుస్తాను, ఎక్కుతాను, ఆయన మొహమ్మీదే అనేస్తాను. ఇచ్చావ్, తీసుకున్నాను, స్తోత్రం. ఇక నన్ను పలకరించకు. అదీ అనుకుని బయల్దేరాను. ఆ కోపమే నన్నింత దూరం నడిపించింది, నీ పాటలు కాదు.

ఇటు చూడు. ఇందాక నువ్వు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే నీ ఫోను మోగింది. నేను తీశాను.

ఆ! ఇప్పుడు లాక్కుంటున్నావ్ కాలు. కదలొద్దన్నానా!

"అక్కా, మందిరం దగ్గర కారు దిగాను. ముందు వరసలో కుర్చీ వేయించారు. నీలం చొక్కా వేసుకున్నాను. తనకింకా ఏమీ తెలీదు కదా?" ఇదీ మీ తమ్ముడి గొంతు. నేను హలో అనలేదు. పెట్టేశాను.

వారం రోజులు నా పక్కన నడిచావే వదినా! నా సంచి మోశావ్. నా సీసాలో నీళ్ళు నింపావ్. మా వదిన ఎంత మారిపోయింది అని మురిసిపోయాను, పిచ్చిదాన్ని. నిన్న వంతెన దగ్గర ఆగినప్పుడు నేను నీ కోసమే స్తోత్రం చెప్పాను, గుర్తుందా? అందరి ముందూ, నీ చెయ్యి పట్టుకుని. అది నాకు తిరిగిచ్చెయ్.

నేను మైకు దగ్గరికెళ్ళి, దేవుడు నా భర్తని నడిపించాడు అంటాను. మీ తమ్ముడు ముందు వరసలోంచి లేచి నడిచొస్తాడు. జనం చప్పట్లు. పాస్టరుగారు మా ఇద్దరి చేతులు కలుపుతారు. అంతమందిలో ఇది కాదంటుందా, చచ్చినట్టు మొగుణ్ణి ఇంటికి తీసుకుపోతుంది అనుకున్నారు. అదే కదా మీరు వేసుకున్న పథకం? బాగుంది. నా మొక్కుకి మీరు పందిరేశారు.

మీ తమ్ముడి చెయ్యి మళ్ళీ పట్టు తప్పిందట కదా? తెలుసులే. ఆవిడ పొమ్మందనీ తెలుసు. నీ ఇంట్లో రెండు నెలలు పెట్టుకున్నావ్, నీ నడుం పడిపోయింది. అప్పుడు ప్రభువు నీతో మాట్లాడాడు! అదేదో నాతోనే మాట్లాడొచ్చుగా? మా ఇల్లు ఆయనకి తెలీదా?

ఏంటి, గొణక్కుండా చెప్పు. క్షమించాలా?

క్షమించాను. ఎప్పుడో క్షమించాను. క్షమించడం వేరు, మళ్ళీ బెడ్‌పాన్ పట్టడం వేరు. ఆ రెండూ ఒకటేనని నీకు ఏ పాస్టరుగారు చెప్పారో చెప్పు. ఏడవకు. నువ్వేడిస్తే నాకు సూది కనబడదు.

అయిపోయింది. దారం లోపలే ఉంచాను, నీరు దాని వెంట కారిపోతుంది. పీక్కోకు. ఇవిగో నా సాక్సులు. నా చెప్పులు కూడా వేసుకో. నీ మీద కోపం నా దగ్గరే ఉంటుందిలే, ఎక్కడికీ పోదు. నీ మెరుపు చెప్పులు ఇటు పారెయ్, నేను వేసుకుంటా. నా మడమలు మొద్దుబారి చాలా కాలమైంది.

పైన గంట మోగుతోంది. మనవాళ్ళంతా మలుపు దాటేశారు.

వస్తాను. రానని అనలేదే! వచ్చి సాక్ష్యం చెబుతాను. ఏం చెబుతానో తెలుసా? మీ తమ్ముడు వెళ్ళిపోయిన వారానికి, మూడేళ్ళ తర్వాత మొదటిసారి, తెల్లారేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. లేచి సిగ్గుతో ఏడ్చాను. ఆ నిద్రకి స్తోత్రం. ఇన్ని మజిలీల్లో ఇంకెవరూ చెప్పని మేలు అదొక్కటే మిగిలింది, నా కోసమే మిగిలింది. చెప్పేసి, కొండ దిగి, ఒంటరిగా ఇంటికి పోతాను. నిద్రపోతాను.

అంతమందీ ఉంటే ఉండనీ. కాదనగలను. పాస్టరుగారి మొహం చూసి కాదనగలను. మీ తమ్ముడు కాళ్ళ మీద పడినా కాదనగలను.

కానీ వదినా... నువ్వు ముందెళ్ళు. ఒక్క పని చేసి పెట్టు. కారులో ఎవరూ సాయం వచ్చి ఉండరు. ఆ నీలం చొక్కాకి ఒంటిచేత్తో గుండీలు పెట్టేసుకుని ఉంటాడు. ఒకటి కిందా ఒకటి పైనా. ముందు వరసలో, వెలుతురులో, అలా కూర్చుని ఉంటాడు.

అది గనక నా కంటపడిందా, నా చెయ్యి నా మాట వినదు. గడ్డం పైకెత్తుతాడు. అంతే, నేను అయిపోయాను.

నేను వచ్చేలోపు నువ్వెళ్ళి వాటిని సరిగ్గా పెట్టు. పైనుంచి కాదు, కింది గుండీ నుంచి మొదలుపెట్టు, అప్పుడు తప్పవు. పెట్టేశాక మెట్ల దగ్గరికొచ్చి చెయ్యూపు. అప్పుడొస్తా.

వెళ్ళు వదినా. కుంటుకుంటూ అయినా సరే, నాకంటే ముందు వెళ్ళు.