నాలుగో కప్పు

ఆ కాఫీలో ఏం బాగోలేదని అడుగుతావేంటమ్మా! బాగోలేదన్నాను, అంతే. ఈ బల్ల దగ్గర నన్ను ఎదురు ప్రశ్నించిన మొదటి మనిషివి నువ్వే. కాపురానికొచ్చి నిండా రెండేళ్లు కాలేదు, కోడలుపిల్ల అత్తగారికి పరీక్ష పెడుతోంది!

అడుగున చీటీలు అంటించి కప్పులు వరసగా పెట్టింది మీ ఆయనే కదా, ఏ కాఫీ ఏ రైతుదో మనకి తెలీకుండా? ఇద్దరం జుర్రి, రుచి చూసి ఉమ్మాం, నాలుగోది నేను వద్దన్నాను. తిప్పి చూస్తే కొండ వదినది. నేనేం చెయ్యను? నాలుక్కి చుట్టరికాలుంటాయా?

వదిన కాక మరేంటి? సముద్రానికి అవతల కొండ మీద కాఫీ పండిస్తూ ఆవిడ, ఇవతల నేను. ఆవిడ పేరుకి నా నోరు తిరగదు, నా పేరుకి ఆవిడ నోరు తిరగదు. ఫోన్లో ఆవిడ భాషలో ఆవిడ తిడుతుంది, మన భాషలో నేను తిడతాను, ఇద్దరం పడీపడీ నవ్వుతాం. మీ మామగారు పోయాక, ఇక వీళ్ల పని అయిపోయిందని రైతులంతా సరుకు ఆపేస్తే, గింజలు పంపింది ఆవిడొక్కతే. అలాంటి మనిషి పంట వద్దనడం నాకేమైనా సరదానా?

ఏంటీ, సరుకు వద్దని చెప్పడానికి మీ ఆయన అప్పుడే ఫోన్ చేస్తున్నాడా ఆవిడకి? లైను కలవడం లేదా? మంచిదే. కాదు కాదు, నిదానంగా చెప్పొచ్చు కదా అని, అంతే.

సరే, ఒక్క మాటడుగుతాను. నాలుగోది జుర్రినప్పుడు మాత్ర నమిలినట్టు మొహం పెట్టావెందుకు?

పన్నా? వేడి తగిలి జివ్వుమందా? మరి కాఫీ? ఆఁ? అన్నిట్లోకీ అదే బాగుందా!

అయ్యో నా తల్లీ! ఆ పన్నేదో ముందే పీకించుకుని చావొచ్చు కదే!

నవ్వకు. ఆ తలుపు దగ్గరగా వెయ్. ఆ మధ్య జ్వరమొచ్చిందా, అప్పట్నుంచి నాకు వాసన తెలీడం లేదు. రుచీ లేదు. ఏ కప్పు జుర్రినా వేణ్ణీళ్లే. నిన్న పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే పొయ్యి పక్కనే కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటున్నానా? ఏదో ఆలోచనలో ఉన్నానన్నాను నీతో. ఆలోచనా లేదు, పాడూ లేదు.

మరి ఎలా చెబుతున్నానా? నీ మొహం చూసి! నచ్చితే నీ ఎడమ కనుబొమ్మ లేస్తుంది. నచ్చకపోతే ముక్కు ముడుస్తావు. ఇవాళ్టిదాకా ఒక్కటీ తప్పు పోలేదు. వీధి చివర గింజలు వేయించే ఆయన, "అమ్మగారు బాగుందన్నారా? అయితే దించేయండి" అని కళ్లు మూసుకుని కొంటున్నాడు. పాపం, కొంటున్నది నీ కనుబొమ్మని!

ముందే చెప్పొచ్చు కదా అంటే ఏం చెప్పను? ఈ కుర్చీ నాకెవరూ పీట వేసి ఇచ్చింది కాదమ్మా. వంటింట్లో ఉండేదానికి వ్యాపారమేంటని నవ్విన వాళ్ల ముందే లాక్కుని కూర్చున్నాను. అటు రైతులు, ఇటు కొట్లవాళ్లు, మధ్యలో నా నాలుక. అదే పోతే నేనెవర్ని? మూల కూర్చుని మందులు మింగే ముసల్దాన్ని.

అదిగో, హలో అంటున్నాడు! పరిగెత్తు, ఆపు వాణ్ణి! ఆవిడ ఏడాది కష్టం నీ పన్నునొప్పికి కొట్టుకుపోతుంది!

ఆపావా? ఏమన్నాడు? అనుకోనీలే, పెద్దదానికి చాదస్తమనే అనుకోనీ. సాయంత్రం నేనే చెబుతాను వాడికి. నిజంగా చెబుతాను, అలా చూడకు.

కూర్చో. అక్కడ కాదు, నా కుర్చీలో. నాలుగోది మళ్లీ కలుపు, కాస్త చల్లారనిచ్చి మరీ జుర్రు. నేను ఇటు కిటికీ వైపు తిరుగుతాను.

ఊఁ, నోరు విప్పి చెప్పు. నీ కనుబొమ్మ నాకు కనబడదింక.