ఊకె నాకేం వద్దు

సూర్యాపేట మార్కెట్ గేటు ముందర జమున చాయ్ హోటల్. తెల్లారకముందు పొయ్యి వెలిగించిన మనిషి, ఇప్పటికి తక్కువలో తక్కువ పదివేల చాయ్‌లు పోసి ఉంటుంది. చేతులూడి గిన్నెలో పడ్డా ఎరుక ఉండనంత అలసట. చక్కెర డబ్బా కింద నాలుగు కాగితాల అగ్రిమెంటు. జాగ జమునది, టిఫిన్ సామాను కోదాడ రాఘవేంద్రది, ఇద్దరూ కలిసి నడపాలని. పన్నెండింటి బస్సుకు ఆయన ఆమె సంతకం కోసం వస్తాడు. రేపు విడిపోతే ఈ జాగ ఎవరికి మిగులుతుంది? అదొక్కటే ఆమెకు తెల్వదు. అడగాలంటే సిగ్గు.

"జాయింట్ వెంచరా బిడ్డా?" అన్నాడు బెంచీ మీది రాందాసు. ఊక మిల్లుకు కావలి ఆయన. పట్టపగలు కూడా చంకలో టార్చి. "నేను జెయ్యనిదా? నాది జాగ, కోదాడోళ్లది మిషన్. ఊక కాలవెట్టి కరెంటు తీసుడు."

"ఎంత ఊక తాతా?" ఆటో కిషన్ అడిగాడు.

"మొదాలు రెండు బస్తాలే. మిర్యాలగూడ మిల్లులోళ్లకు తెల్సింది, ఇగ లారీలే లారీలు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? కుప్ప లేసీ లేసీ సూర్యున్ని కమ్మింది. హైవే మీద బస్సులు మిట్టమధ్యాహ్నం లైట్లేస్కొని పోవుడే. త్రిపురారంల కోళ్లు పొద్దుగూకిందని గూళ్లల్ల జొచ్చినయ్."

"విమానాలు గిట్ట తాకలేదా?" కూరగాయల సుక్కి ఆవలించింది.

"తొవ్వ మార్సుకున్నయ్. ఇగ కరెంటా? సాగర్ డ్యాం కాడ మిషన్లు బందువెట్టి పనోళ్లంత పెద్దవూరకు పెండ్లికి పోయిండ్రు. ఇంకా మిగిలితే కాల్వల ఇడిసినం. చేపలు బల్బులు వెట్టుకొని ఈదినయ్."

"అగ్రిమెంటు రాసుకున్నరా కాకా?" జమున గిన్నె దించకుండానే అడిగింది.

"రాసుడేంది! మిర్యాలగూడల మొదలువెడితే కోదాడల ఒడిసింది, గంత పొడుగు కాయిదం. ఈ కొసకు నేను సంతకం, ఆ కొసకు మిషన్ కోదాడాయన. సిరా ట్యాంకర్ల వచ్చింది."

"గంత కాయిదంల, విడిపోతే ఎవలకేమొస్తదని రాసిండ్రు?"

"అన్ని రాసినం."

"ఏం రాసిండ్రు కాకా?"

రాందాసు చాయ్‌లోకి చూశాడు. గ్లాసు ఎప్పుడో ఖాళీ.

"గంత కరెంటు తీసినోనివి," అంది జమున మెల్లగా, "నీ జాగల నువ్వే టార్చి వట్టుకొని కావలెందుకున్నవ్?"

రాందాసు చంకలోని టార్చి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నీకేం గావాలె అని అడిగిండ్రు బిడ్డా," అన్నాడు. ఈసారి గొంతు బెంచీ దాటలేదు. "నేను జర మర్యాదకు, ఊకె నాకేం వద్దు, పుక్కట్ల తినను, కష్టంజేసే తింటానన్న. టైపు జేసినోడు కోదాడ మనిషి. 'ఊక నాకేం వద్దు' అని కొట్టిండు. సదవకనే సంతకం వెట్టిన. దందా అంత ఊకదేనాయె. జాగ కంపెనీల కల్సిపాయె. టార్చి మిగిలింది."

బస్సు ఆగింది. రాఘవేంద్ర చెమట తుడుచుకుంటూ వచ్చి, "సంతకం పెట్టేశారా అమ్మా?" అన్నాడు.

"కూసోండి సారూ, చాయ్ తాగుండ్రి." జమున చక్కెర డబ్బా జరిపి, కాగితాలు తీసి రాందాసు ముందర పెట్టింది. "సదువు కాకా. ఒక్క అచ్చరం ఇడువకు. ఊకె సదవమంటలేను, రెండు చాయ్‌లు పోస్త."

మిట్టమధ్యాహ్నపు ఎండలో రాందాసు టార్చి వెలిగించి, మొదటి అక్షరం మీద ఆనించాడు.