నమూనా రూపాయి

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పాత నాణేలకు గ్రేడు ఇచ్చే చిన్న ఆఫీసు. గ్రేడు ఇచ్చేవాళ్ళు ఇజాజ్, శ్రీలత. బల్ల మీద, నాణెం ఎవరిదో పేరు రాసిన రెండు డబ్బాలు, ఒక్కోదాంట్లో నిజాం కాలం నాటి ఒక వెండి చార్మినార్ రూపాయి.

“ఛీ! ఆ కిటికీ జెర మూసెయ్ శ్రీలతా. ఫ్యాక్టరీ కంపుకే కడుపుల తిప్పుతున్నది, మీదికెళ్ళి ఈ రూపాయొకటి.”

“మూసిన. చేతులు కడుక్కున్నవా ఇజాజ్ భాయ్?”

“ఇప్పుడే గదా కడుక్కొని వచ్చిన! సార్ రూపాయి ముట్టినంక మళ్ళ కడుక్కోవాలె.”

“మొన్న సూసినవు గదా దాన్ని.”

“మొన్న పేరు లేకుండె. ఎవరిదో తెల్వకుండ, ఎవరికి వాళ్ళం సూసినం. దీనికి నేను డెబ్బైకి అరవై రెండు ఇచ్చిన, నువ్వూ అంతే ఇచ్చినవ్. లక్డారం ఊరికెళ్ళి అంజయ్య తెచ్చినదానికి ఇద్దరం అరవై ఐదు ఇచ్చినం. అయిపాయె గదా! ఇవ్వాల ప్రభాకర్ సార్ వచ్చి, ‘అది నాదే, అరవై ఐదుకు నాదే నమూనా పెట్టుండ్రి’ అంటడు. థూ!”

“కంపెనీ సార్‌ది. సార్ ఇష్టం.”

“నమూనా అంటే ఏందనుకున్నవ్? రేపటి సంది ఏ ఊరికెళ్ళి ఏ రూపాయి వచ్చినా దీని పక్కన పెట్టే సూస్తం. నమూనానే అరిగిందైతే, అరిగినయన్నీ అరవై ఐదే. సార్ బీరువాల ఉన్న చెత్తతోని సహా.”

“మనం సంతకం పెట్టకుంటే?”

“పొమ్మంటడు. పోత. నువ్వు?”

“నాకు... రెండూ ఒక్క తీరుగనే కనపడుతున్నయ్ భాయ్.”

“మొన్న కనపడ్డ తేడా ఇవ్వాల యాడికి పోయింది? కండ్లు పోయినయా, సార్ అంటే భయమా?”

“భయమే అనుకో. నువ్వే సూపియ్.”

“ఇగో, సార్ డబ్బల కెళ్ళి తీసిన, ఎడమ చేతిలది. మినార్ల కొసలు సూడు, మొద్దువారినయ్. మెరుపు సచ్చింది. ఎవడో సోడా పెట్టి తోమిండు. గీ గీత సూడు, గోరు పెట్టి గీరినట్టు.”

“గీ గీత మొన్న ఉండెనా?”

“ఉండే ఉంటది. నిన్న మొలిచిందా ఏంది?”

“మరి అంజయ్యది?”

“ఆహా! కుడి చేయి దిక్కు సూడు. లైటు కింద తిప్పుతుంటే మెరుపు బండి చక్రం లెక్క తిరుగుతున్నది. ఒక్కడు తోమలే, ఒక్కడు జేబుల ఏసుకోలే. రూపాయంటే గిది. అది సూస్తే వాంతికొస్తున్నది నాకు.”

“సార్ మీద కోపంతోని గట్ల కనపడుతలేదు గదా?”

“కోపమా? భూతద్దం పెట్టుకుంటే నాకు మనుషులు కనపడరు. వెండి ఒక్కటే.”

“నిజంగ?”

“నిజంగ. ఇగ సంతకం పెట్టు. అంజయ్యది నమూనా, సార్‌ది బయటికి. నేనొక్కణ్ణే చెప్తే పగ అంటరు. నువ్వు కూడా చెప్పాలె.”

“ఆగు భాయ్.”

“మళ్ళ ఏంది?”

“కోపం చెయ్యనంటే చెప్త.”

“చెప్పు ముందు!”

“పొద్దుగాల డబ్బల మీద పేర్లు సూసినంక నా కండ్ల మీద నాకే నమ్మకం పోయింది. సార్‌ది అనంగనే నాకూ గలీజుగ కనపడె. అది వెండి గలీజా, నా మనసు గలీజా తెల్వలే. కనీసం నీ కన్నన్న సక్కగున్నదేమో సూద్దామని...”

“సూద్దామని ఏం చేసినవ్?”

“నువ్వు చేతులు కడుక్కోనీకి పోయినప్పుడు డబ్బల్ల రూపాయలు అటుదిటు మార్చిన.”

“ఏమన్నవ్?”

“వాంతికొస్తున్నదంటివే, అది అంజయ్యది. నీ కుడి చేతిల మెరుస్తున్నది సార్‌ది.”