గాటు పెట్టిన లాబ్‌స్టర్

సందర్శకులు చప్పట్లు కొడుతూ రేవులో దిగిపోయారు. పడవలో దాన్ని నడిపే మేనమామా, లాబ్‌స్టర్ల వేట గురించి మైకులో వివరించే మేనకోడలూ మిగిలారు. ఆమె ముఖం కందగడ్డలా ఉంది.

“మావయ్యా, మూడు ట్రిప్పుల్లోనూ బోనులో పడింది ఒక్క లాబ్‌స్టరే కదూ? తోకకు గాటు పెట్టింది నేనే, గుర్తుపట్టననుకున్నావా?”

“ఒక్కటైతేనేం? చూసేవాళ్లు కొత్తవాళ్లేగా!”

“గుడ్లతో ఉన్నదాన్ని ఇంకెవరూ పట్టకుండా గుర్తుగా గాటు పెట్టి సముద్రంలో వదిలేస్తామని చెప్పేది నేను. తొట్టిలో దాచి మళ్లీ బోనులో కుక్కేది నువ్వు!”

“నీళ్లలోనే ఉంచుతున్నానుగా తల్లీ.”

“పట్టుకున్నప్పుడల్లా గుడ్లు రాలిపోతున్నాయి. నా అరచేతికి ఎన్ని అంటుకున్నాయో చూడు! ‘ఇప్పుడిది ఇంటికెళ్లిపోతుందా అక్కా’ అని ఓ పాప అడిగితే అవునన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.”

“సరే, నాలుగో ట్రిప్పు అయ్యాక వదిలేద్దాంలే.”

“దారిలోనే వదిలేశాను, నువ్వు చుక్కాని దగ్గరుండగా.”

“నా కొంప ముంచావు కదే! ఇప్పుడు జనానికి ఏం చూపించను?”

“ఖాళీ బోను చూపించు. మా నాన్న వంద బోనులు లాగితే తొంభై ఖాళీగానే వచ్చేవి. వేటంటే అదేనని మైకులో నేను చెబుతాను.”