జీరో నంబరు బొమ్మ

"తాతా, నాన్న ఫోటోని ఫోన్లో క్లీన్ చేశాను. పెద్ద ఫ్రేము కట్టించి అమ్మకి ఇద్దామని. ఎలా ఉందో చూసి చెప్పు."

ఏదీ, ఇటివ్వు. ఆగాగు, కళ్లజోడు... అరే, నెత్తి మీదే ఉన్నాదా! సరే. నువ్వు అలా నిలబడకు, ఆ తాళ్ల కట్ట మీద కూచో. అది మీయమ్మ సీటు, తెలుసా నీకు? చెప్తాను, చెప్తాను. కొట్లో బేరాల్లేవు ఇప్పుడు, వలలు కొనీవోళ్లు పొద్దున్నే వచ్చి ఎల్లిపోతారు.

ఓలమ్మ! ఏటే ఇది? మీ నాన్న దానయ్య నిన్న సాయంత్రం తల దువ్వుకుని స్టూడియోకెళ్లి దిగినట్టున్నాడు. పైన ఉండే ఎర్ర మరక పూరా పోనాది. మీసం వెంట్రుకలు లెక్కెట్టొచ్చు. ఏ ఐ అంటారు కదా దీన్ని? తాతకి తెలీదనుకోకు. పొద్దున్న లేస్తే మీ మామ్మ దేవుడి పుస్తకం తీస్తాది, నేను కెమెరా న్యూసు తీస్తాను. మొన్న ఒకడు వీడియోలో చెప్తన్నాడు, ఇక ముందు ఫోకస్ కూడా పట్టక్కర్లేదంట, బొమ్మ తీసీసినాక తీరిగ్గా పట్టుకోవచ్చంట. మరి తాళి కట్టీసినాక సంబంధం చూసుకున్నట్టు! నవ్వుతావేటే? అలాగన్నానని నాకు ఇష్టం లేదనుకోకు. ఆ కెమెరా చూస్తే నాకు నోరూరిపోయింది. మీ మామ్మతో అన్నాను కూడా. "ముందు మెట్లెక్కడానికి మోకాళ్లు కొనుక్కో" అన్నాది.

కానీ తల్లీ... ఈ పన్ను ఏదీ?

మీ నాన్న ముందు పన్నే. సగం విరిగుండేది. ఇంట్లో ఫోటోలో చూడు, నవ్వుతుంటే అక్కడ నల్లగా చిన్న సందు ఉంటాది. నీ ఫోను కట్టీసినాది దాన్ని. పళ్ల డాక్టరు కూడా అంత సాపుగా కట్టడు. ఆ పన్ను ఎలా విరిగిందో తెలుసా? ఇక్కడ జంగ్లీఘాట్ పేటలో ఎవడో పందెం కట్టినాడని సోడా మూత పంటితో తీసినాడు. పందెం గెలిచినాడు, పన్ను పోనాది. మీయమ్మ నూకాలు అప్పటికి కొత్త పెళ్లికూతురు, మూడ్రోజులు మాటాడలేదంట. మంచోడే, కాకపోతే ఎవరు రెచ్చగొడితే అటు గెంతీవోడు. పన్ను అతికించీసుకోరా అంటే "ఎందుకు మావా, దీన్ని చూసే నూకాలు నవ్వుతాది" అనీవోడు.

ఏటంటన్నావు? ఎర్ర మరకా? సునామీ నీళ్లలో తడిసిందనుకున్నావా? అందరూ అలాగే అనుకుంటారు. నీళ్లకీ దానికీ ఏ సంబంధం లేదే. అది నా పిసినారితనం.

సాయంత్రం మైదానంలో స్టేజీ ప్రోగ్రాముకి నువ్వు కెమెరా పట్టుకుని ఎల్తన్నావంట కదా, మొదటిసారి. అయితే ఇది నీకు పనికొచ్చే మాటే, విను.

నా కెమెరా రష్యా కెమెరా. ఇప్పటికీ లోపల ఉన్నాది, ఇటికంత బరువు. ఓడలో పనిచేసే ఒక ఆఫీసరు దగ్గర కొన్నాను, మీ మామ్మకి చెప్పకుండా. ఈ దీవుల్లో కెమెరాకి శత్రువు ఎవరో తెలుసా? దొంగ కాదు, చెమ్మ. నాలుగు వానలు పడితే లెన్సులో బూజు సాలెపట్టులాగ పట్టీసుకుంటాది. అందుకని బియ్యం డబ్బాలో దాచీవోడిని. బియ్యం చెమ్మ పీల్చుకుంటాది కదా. "ఇంట్లో మనుషులకి రేషను బియ్యం, దానికి సన్నబియ్యం" అని మీ మామ్మ ఊరంతా చెప్పినాది. నిజమే మరి. ఆ బియ్యం తర్వాత వండుకునీవాళ్లమే, అది చెప్పదు.

రీలు మద్రాసు ఓడలోనో, మన విశాఖపట్నం ఓడలోనో రావాలి. రీలు కొంటే ఆ వారం కూర మానీడమే. ఇప్పుడు మీరు పాట ఒకటి అయ్యీలోపల వంద నొక్కుతారు, టకటకటక, కుట్టుమిషనులాగ. మాకు ముప్ఫై ఆరే. ముప్ఫై ఆరు నొక్కితే బస్, అంతే. అందుకని పాట వినాలి. పాటగాడు పైకెత్తినప్పుడు తీయకూడదు, నోరు బావిలాగ వస్తాది. చరణం ముగించి ఊపిరి పీల్చుకుంటాడు చూడు, అప్పుడు మొహం మీద హాయి ఉంటాది. అప్పుడు నొక్కాలి. ఇది ఏ కొత్త కెమెరా చెప్పదు నీకు. చెప్తాదేమో, ఏమో, వచ్చే ఏడు అదీ వస్తాదేమో.

ఏటి చెప్తన్నాను? ఆఁ, పిసినారితనం. సునామీకి ముందు ఏడాది వినాయకచవితికి మన తెలుగోళ్లందరం చందాలేసి విశాఖపట్నం నుంచి ఆర్కెస్ట్రా తెప్పించినాం. ఓడలో వచ్చినారు పాపం. సముద్రం ఆ నాలుగు రోజులూ మంచిది కాదు. పాటగాడు ఓడ దిగి నేల మీద నిలబడలేకపోనాడు. నిమ్మకాయ వాసన చూపించి స్టేజీ ఎక్కించినాం. ఎక్కినాడా, ఇంకా ఓడలోనే ఉన్నట్టు ఊగిపోతన్నాడు. జనం అది స్టైలనుకుని ఈలలు! నా బొమ్మలన్నిట్లోనూ అతగాడు ఒక పక్కకి ఒరిగే ఉంటాడు. స్టూడియో దాదా, బెంగాలీ ఆయన ఉండీవోడు, ప్రింట్లు చూసి "స్టేజీ వంకరా, నువ్వు వంకరా?" అని అడిగినాడు.

సరే, రీలు ఎక్కించినాక ఏం చెయ్యాలంటే, మూత తెరిచినప్పుడు ముందు ముక్కకి వెలుతురు తగిలీస్తాది కదా, అది కాలిపోయినట్టే. అందుకని అందరూ ఊరికే రెండు మూడు నొక్కి, ఒకటో నంబరు వచ్చినాక అసలు బొమ్మ మొదలెడతారు. నేనా, మీ మామ్మ కొంగు కింద చీకట్లో ఎక్కించీవోడిని. అలాగైతే ఆ జీరో నంబరు కూడా పూరా కాలదు, సగమో ముప్పావో మిగులుతాది. ఊరికే పోనిస్తానా? అలాగని స్టేజీ మీద తీస్తే మంచి బొమ్మ సగం తగలడిపోతాది. అందుకని వెనక్కి తిరిగి జనం మీద నొక్కీసేవాడిని. ఎవరు పడితే వాళ్లు. దాదా వాటికి ప్రింటు తీసీవోడు కాదు, నేనూ అడిగీవోడిని కాదు. నెగటివులు మాత్రం బిస్కెట్ డబ్బాలో వేసీవోడిని, బియ్యంతో పాటు.

తర్వాత... నీకు తెలిసిందే కదా.

నీకు జొరమని, పెద్దాసుపత్రిలో చూపిద్దామని మీయమ్మ నిన్నెత్తుకుని ముందురోజే మీరుండే హట్ బే దీవి నుంచి ఓడెక్కి ఇక్కడికి వచ్చీసినాది, మీ మావయ్య ఇంటికి. మీ నాన్న వల బాగుచేసుకుని వస్తానన్నాడు. ఆదివారం పొద్దున్న భూమి ఊగినాది. ఆ తర్వాత సముద్రం. మా ఇల్లు గట్టు మీద కాబట్టి బతికిపోనాం. అక్కడ హట్ బేలో మీ ఇల్లున్న చోట ఇల్లుందని చెప్పడానికి ఒక్క ఇటుక లేదంట. మీ నాన్న దొరకలేదు. చూపించడానికి ఏమీ దొరకలేదు.

ఆ రోజుల్లో నేను కెమెరా బయటికి తీయలేదు. పెద్దపెద్ద లెన్సులు పట్టుకుని ఎక్కడెక్కడినుంచో వచ్చినారు, వాళ్ల పని వాళ్లది, తప్పనను. నాకు చెయ్యి రాలేదు. తెలిసిన మొహాలు కదే.

నెల తిరిగినాక మొదలైంది. ఒక్కొక్కరూ కొట్టుకి వచ్చీవోళ్లు. "భయ్యా, నువ్వు ప్రోగ్రాముల్లో బొమ్మలు తీస్తావు కదా, మావోడు ఎక్కడన్నా పడినాడా చూడు." ఇల్లు పోనాది, పెట్టె పోనాది, పెళ్లి ఫోటో పోనాది. మీయమ్మ కూడా వచ్చినాది, నిన్ను చంకనేసుకుని. ఇదిగో, ఈ తాళ్ల కట్ట మీదే కూచున్నాది. ఏడవలేదు. "మావయ్యా, నాకు ఆడి మొహం మసకైపోతన్నాది. కళ్లు మూసుకుంటే ముందు వచ్చీసేవోడు, ఇప్పుడు రావట్లేదు. రేపు పిల్ల అడిగితే నేనేటి చూపించను?" అన్నాది.

డబ్బా తీసి చూసుకున్నాను. డబ్బా నిండా పాటగాళ్లు. వాయించీవోళ్లు, మైకులు, దండలేసుకున్న పెద్దమనుషులు. వాళ్లందరూ వాళ్ల ఊళ్లల్లో క్షేమంగా ఉన్నారు. చూడ్డానికి వచ్చినోళ్లు ఒక్కరు లేరు నా దగ్గర. అన్నేళ్లూ వాళ్లకి వీపు పెట్టి నిలబడ్డాను మరి, ఫోటోగ్రాఫరంటే అంతే కదా. అప్పుడు మీ మామ్మ లోపల్నుంచి అన్నాది, "నా కొంగు కింద ఎక్కించీవోడివి కదా, ఆ కాలిపోయినవి ఏం చేసినావు?"

చూడు, నా కెమెరాని సవతిలాగ చూసినది, అదే గుర్తు చేసినాది.

దాదా దగ్గరికి పరిగెట్టినాం. ఆయన దగ్గర కంటికి పెట్టుకునీ చిన్న భూతద్దం ఉండీది. కింద లైటేసి ఒక్కొక్క ముక్కా పెట్టినాడు. నెగటివులో మనుషులు దెయ్యాల్లాగుంటారు, తెల్ల జుత్తు, నల్ల మొహాలు. నాకే తెలీలేదు ఎవరెవరో. మీయమ్మ ఒంగి చూస్తన్నాది, చూస్తన్నాది. ఒక దగ్గర ఆగిపోయి, "మావయ్యా, పన్ను" అన్నాది. అంతే. నెగటివులో నలుపు తెలుపైపోతాది కదా, ఆ విరిగిన సందు తెల్లగా చుక్కలాగ మెరుస్తన్నాది. అప్పుడు ఏడ్చినాది. దాదా కుర్చీ వదిలి బయటికెళ్లి నిలబడ్డాడు.

అందరికీ దొరకలేదే. కొందరికి దొరికినాయి, భుజమో, పక్క మొహమో. ఒక ముసలాయన కొడుకు కోసం మూడుసార్లు వచ్చి, ఉత్తచేతుల్తో ఎల్లిపోనాడు. అది ఇప్పటికీ గుచ్చుకుంటాది. ఆ తర్వాత నేను స్టేజీ బొమ్మ ఒకటి తీస్తే, జనం బొమ్మ రెండు తీసినాను. రీలు కాలినా కాలకపోయినా.

అందుకని ఈ బొమ్మ ఫ్రేము కట్టించకు తల్లీ. నీ మనసు నాకు తెలుసు, అమ్మ సంతోషపడాలని కదా. కానీ మీయమ్మ పన్ను కోసం వెతుక్కుంటాది. ఇందులో ఉన్నవోడు బాగున్నాడు, దానయ్య కాదు, వాడి తమ్ముడెవడో.

రా, లే. లోపలికి రా. ఇదిగో డబ్బా. బియ్యం ఇప్పటికీ మారుస్తాను, నవ్వకు. కిటికీ దగ్గరికి రా. నెగటివు అంచులు పట్టుకో, మధ్యలో వేలెయ్యకు. ఇప్పుడు నీ ఫోన్లో రంగులు తిరగేసీది ఉంటాది, అది పెట్టు. తెలుసే నాకు, అదీ న్యూసులోనే చూసినాను. ఫోనుకి మంచి పని చెప్తే మంచి పనే చేస్తాది. వచ్చినాడా?

మీ ఇంట్లో ఉన్నది ఇందులోంచి తీసిన వట్టి మొహమే. దాదా మొత్తం ప్రింటు తీస్తానంటే మీయమ్మే వద్దన్నాది. "పిల్ల నా దగ్గరే ఉన్నాది, లేనోడి మొహం చాలు" అన్నాది. ఇది పూరా బొమ్మ. నీకు ఎప్పుడో చూపించాలనుకున్నాను, మీయమ్మ ముందర ఈ మాట తీయడానికి నోరు రాలేదు.

పన్ను చూసినావా? ఆఁ. ఇప్పుడు చెంపల పక్కన చూడు. ఇంట్లో ఫోటోలో రెండు మసక గుండ్రాలు ఉంటాయి కదా, నీ ఫోను మరకలనుకుని తుడిచీసినాది. మరకలు కావే అమ్మా. నీ మోకాళ్లు. ఆ చవితి ప్రోగ్రాము చూడ్డానికి ఓడెక్కి వచ్చి, భుజాల మీద ఎక్కించుకున్నాడు నిన్ను, స్టేజీ కనబడాలని. కిందకి రా, గుండెల దగ్గర. ఆ చేతులు చూడు, నీ పాదాలు రెండూ ఎలా గట్టిగా పట్టుకున్నాడో. కెమెరా నిలువుగా పట్టుకున్నాను కదా, కాలినది పైభాగం. నీ మొహం అక్కడుండీది. ఆ ఎర్రదంతా నువ్వే.

ఏడు, పర్లేదు. నేను ఎటూ పోను.

సాయంత్రం బాగా తియ్యి. పాటగాడు ఊపిరి తీసుకున్నప్పుడు నొక్కు. మధ్యలో ఒకసారి వెనక్కి తిరుగు, ఎవరో ఒకరు పిల్లని ఎత్తుకునే ఉంటారు. చల్లగా ఉండు తల్లీ, నీ చెయ్యి వణక్కుండా ఉండాలి, నూరేళ్లు నీ కళ్లు ఇలాగే... ఏయ్, మధ్యలో వేలెయ్యకని చెప్పినానా, లేదా?