హలోగారి అమ్మాయి

రెండో అంతస్తు ఇల్లు. నాలుగింటికి సంస్మరణ సభ. చనిపోయినావిడ మంచం మీద కూతురూ మనవరాలూ కూర్చుని ఉన్నారు. మనవరాలి చేతిలో కాగితాలున్నాయి.

“ఆ ముక్క తీసేయ్.”

“ఏ ముక్కమ్మా?”

“అదే, ఇప్పుడు చదివావే. కంటికి రెప్పలా అని.”

“‘చివరి నాలుగేళ్లూ కన్నకూతురు కంటికి రెప్పలా చూసుకుంది.’ ఇందులో తప్పేముంది? అందరూ అంటున్న మాటే కదా.”

“అందరూ అంటే అననీ. మనం అనొద్దు. మొదట్నుంచి చదువు.”

“మూడుసార్లు చదివాను.”

“ఇంకోసారి చదివితే అరిగిపోవులే.”

“సరే. ‘మా అమ్మమ్మని పెద్దాసుపత్రిలో అందరూ హలోగారు అనేవాళ్లు. ఇరవై తొమ్మిదేళ్లు టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసింది. రెండొందల పధ్నాలుగు ఎక్స్‌టెన్షన్ నంబర్లు ఆవిడకి నోటికొచ్చు.’”

“పదహారు. బ్లడ్‌బ్యాంకుకి తర్వాత ఇంకో రెండొచ్చాయి.”

“పదహారు. ‘ఎవరైనా ఫోన్ చేసి మా ఆయనెలా ఉన్నారమ్మా అంటే, వార్డుకి కలిపి చేతులు దులుపుకునేది కాదు. టీ టైములో మెట్లెక్కి వెళ్లి, స్వయంగా చూసొచ్చి, రెండు ముద్దలు తిన్నారండీ, మిమ్మల్నే అడిగారండీ అని తనే చెప్పేది.’”

“అడగని వాళ్లు కూడా అడిగారనే చెప్పేది.”

“అబద్ధమా?”

“స్పృహలో లేనివాడు ఏమడుగుతాడు?”

“అది కూడా రాయనా?”

“రాయి. ఇవాళ వచ్చేవాళ్లకి అందరికీ తెలుసు.”

“‘తాతయ్య పోయేనాటికి అమ్మకి అయిదేళ్లు. ఒంటిచేత్తో పెంచింది.’ ఇక్కడ ఇంకేమైనా చెప్పవా? నీ చిన్నప్పటి సంగతి ఒక్కటైనా ఉంటే బావుంటుంది.”

“ఏముంది చెప్పడానికి. డ్యూటీకి వెళ్తూ నన్ను గదిలో పెట్టి తాళం వేసి వెళ్లేది.”

“తాళం వేసా?”

“ఎవరున్నారు చూడ్డానికి? పలకా, నీళ్ల చెంబూ, గిన్నెలో అన్నమూ పెట్టి వెళ్లేది. మూడింటి దాకా కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడేదాన్ని. వీధిలో పోయేవాళ్లందరికీ టైమెంతైందండీ అని కేకేసేదాన్ని. ఒకాయన నవ్వి, నీకెక్కడికి వెళ్లాలని తొందరమ్మా అన్నాడు.”

“పాపం. అయితే నీకు కోపంగా ఉండేదా?”

“స్కూల్లో వేసేదాకా ఉండేది. తర్వాత నేనే మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు.”

“అంటే?”

“ఏం లేదు. చదువు.”

“‘చివరి రోజుల్లో జ్ఞాపకశక్తి తగ్గినా, ఇంట్లో ప్రశాంతంగా…’ ఎందుకమ్మా అలా చూస్తావు?”

“ప్రశాంతంగా ఏంటి? ఎవరు చెప్పారు నీకు?”

“నువ్వే. ఎప్పుడడిగినా బాగానే ఉంది, బాగానే ఉంది అనేదానివి.”

“అది తీసేయ్.”

“ఇలా ఒక్కోటీ తీసేస్తే ఇంక మిగిలేది ఎక్స్‌టెన్షన్ నంబర్లే. అసలేమైంది?”

“బయట ఆ మేకు చూశావా, తలుపుకి?”

“గొళ్లెం ఊడిపోయిన చోటు.”

“ఊడిపోలేదు. నేను పీకేశాను. ఆవిడ పోయిన మర్నాడు. సుత్తి దొరక్కపోతే పట్టకారుతో పీకాను.”

“అమ్మా.”

“రెండుసార్లు ఇల్లు వదిలి వెళ్లిపోయింది. రెండుసార్లూ పెద్దాసుపత్రిలోనే దొరికింది. రిసెప్షన్‌లో పిల్లని లేపి, నా కుర్చీలో కూర్చున్నావేంటమ్మా అని అడిగిందట. రెండోసారి రోడ్డు మీద లారీ వాడు బ్రేకు వేయబట్టి సరిపోయింది. మీ నాన్న పోయాక పగలు ఇంట్లో ఎవరున్నారు? మనిషిని పెట్టాను. పదిరోజులుండి, ఈవిడ నన్ను రోజూ కొత్తగా ఎవరు నువ్వంటోందని వెళ్లిపోయింది. అప్పుడు గొళ్లెం పెట్టించాను. బయట వైపు.”

“నాతో ఒక్క మాట అనుండాల్సింది.”

“అంటే నువ్వు ఉద్యోగం మానేసి వచ్చేదానివి.”

“వచ్చేదాన్నే.”

“అందుకే అనలేదు.”

“జాగ్రత్త కోసమే కదమ్మా పెట్టింది. అమ్మమ్మ కూడా నిన్ను అలాగే…”

“అది వేరు. నేను పెరిగి బయటికొచ్చాను. ఆవిడకి అదెక్కడుంది?”

“అప్పటికి నిన్ను గుర్తుపట్టేదా?”

“ఏడాదిగా నన్ను కూతురనుకోలేదు. పొద్దున్న నేను సంచీ తీసుకోగానే వెనకే వచ్చేది. సూపరింటెండెంటుగారూ, ఇవాళ ఒక్క గంట ముందు పంపండి సార్, పాప ఒక్కతే ఉందండీ, తాళం వేసొచ్చానండీ, అని. చేతులు జోడించి మరీ.”

“పాప అంటే నువ్వేగా.”

“ఇంకెవరు? నేనేం చెప్పను? సరేనమ్మా, పంపిస్తాలే, కూర్చో అనేదాన్ని. అని తాళం వేసేదాన్ని. మెట్లు దిగుతుంటే వినిపించేది. థాంక్యూ సార్ అనేది లోపల్నుంచి.”

“ఊరుకో అమ్మా. ఊరుకో. నీళ్లు తాగు.”

“నాకొద్దు. నువ్వు తాగు.”

“ఇది ఎవరికీ చెప్పక్కర్లేదు. ప్రశాంతంగా అన్నది కొట్టేస్తాను. ‘కూతురు ఆఫీసు నుంచి వచ్చేసరికి కిటికీ దగ్గర కుర్చీలోనే కన్నుమూసి ఉంది’ అని మాత్రం ఉంచుతాను. చాలా?”

“ఆఫీసు నుంచి వచ్చేసరికి.”

“అవును. ఆ రోజు పని ఎక్కువై ఆరు దాటింది కదా.”

“పని ఎక్కువ కాలేదు.”

“మరి? బస్సా?”

“బస్సు రోజూ లాగే అయిదూ ఇరవై అయిదుకి దింపింది.”

“ఆరుంబావుకి కదా నువ్వు తలుపు తీసింది. డాక్టరుతో కూడా అదే చెప్పావు.”

“అదిగో, ఎదురుగా. బస్టాపు. ఆ బెంచీ.”

“ఏంటి?”

“రోజూ దిగి అక్కడే కూర్చునేదాన్ని. అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట. నాలుగు బస్సులు వదిలేదాన్ని, ఎవరైనా చూస్తే బస్సు కోసమనుకుంటారని. ఇంటి ముందు కూర్చుని ఇంటికెళ్లలేకపోయేదాన్ని చిట్టీ. పైకి వెళ్తే మళ్లీ పొద్దున్న దాకా నేనూ ఆ గదిలోనే.”

“అలిసిపోయి కూర్చున్నావు. అంతేగా. దానికి ఇంత…”

“పూర్తిగా విను. కిటికీ కనిపిస్తుంది అక్కణ్ణుంచి. ఆవిడ కుర్చీ కిటికీ పక్కనే. రోజూ కనిపించేది. నేను తల దించుకునేదాన్ని. ఆ రోజు దించుకోలేదు. అద్దం వెనక నిలబడి చెయ్యి ఆడిస్తోంది. ఇలా. అరచెయ్యి కిందికి పెట్టి, ఇలా ఇలా.”

“పిలుస్తున్నట్టు.”

“పిలుస్తోంది. లేచాను. సంచీ భుజానికి తగిలించుకున్నాను కూడా. ఇంకా గట్టిగా ఊపింది. ఏమైందో నాకు, మళ్లీ కూర్చున్నాను. అయిదు నిమిషాలు, ఒక్క అయిదే నిమిషాలు అనుకున్నాను. ఇరవై దాటాయి. ప్రాణం పోయిందని డాక్టరు చెప్పిన టైము అదే. పిలుస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు రాయి, కంటికి రెప్పలా అని.”

“నువ్వు లేచి మళ్లీ కూర్చున్నది ఎన్నింటికి?”

“ఎన్నింటికైతే ఏం?”

“చెప్పమ్మా. అయిదూ యాభైకా?”

“అంతే ఉంటుంది. అయిదూ నలభై అయిదు బస్సు అప్పుడే వెళ్లింది. నీకెలా తెలుసు?”

“బెంచీ మీద కూర్చోగానే చెప్పులు విప్పేదానివి. ఎడమకాలు పైకి పెట్టుకుని మడమ నొక్కుకునేదానివి. అవునా?”

“ఎవరు చెప్పారు? నువ్వెప్పుడు చూశావు?”

“నేను చూళ్లేదు. అయిదున్నరకి రోజూ ఫోన్ చేసేదాన్నిగా అమ్మమ్మకి.”

“చేసేదానివి. పాపం, ఏ వార్డు కావాలండీ అంటూ ఏదో మాట్లాడేది.”

“హలో అనేటప్పుడు అలాగే. రెండు నిమిషాలు పోతే నా పేరు పెట్టి పిలిచేది. ఫోను చేతిలో ఉంటే ఆవిడకి కాసేపు అన్నీ సరిగ్గా ఉండేవమ్మా. నీ సంగతే చెప్పేది. ఇప్పుడే దిగింది, చెప్పులు విప్పింది, ఇవాళ మడమ నొప్పి ఎక్కువలా ఉంది అని.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పొద్దంది. చెబితే సిగ్గుపడి రేపట్నుంచి కూర్చోదు, దానికి ఉన్నది ఆ కాస్త సేపే అంది. అందుకే ఇందాక కూడా తెలీనట్టే మాట్లాడాను. కాస్త అలుపు తీర్చుకుంటున్నావనే అనుకున్నాను గానీ, ఇదని నాకు తెలీదు.”

“నా మీద జాలితో కల్పించడం లేదు కదా?”

“మడమ సంగతి నేనెలా కల్పిస్తాను?”

“మరి ఆ రోజు? ఆ రోజు నీతో మాట్లాడిందా?”

“మాట్లాడుతూనే ఉంది. అయిదూ యాభైకి ఫోను పక్కన పెట్టింది. మళ్లీ తియ్యలేదు. నేను కాసేపు హలో హలో అని చూసి, మర్చిపోయిందనుకుని కట్ చేశాను. ఇన్నాళ్లూ అదే నన్ను తినేస్తోంది.”

“పెట్టేముందు ఏమంది?”

“అది కూడా రాసుకున్నాను, కానీ సభలో చదవలేనని తీసేశాను.”

“ఏమంది చిట్టీ?”

“‘ఉండవే, మా అమ్మాయి అప్పుడే లేచేస్తోంది, ఇంకాసేపు కూర్చోమని చెయ్యి ఊపి వస్తాను’ అంది.”