రత్నకుమార్ అంకుల్ టెంటులో పడుకున్న వైనం

ఐర్లాండులోని లూకన్‌లో ఆదివారం ప్రార్థన అయ్యాక రత్నకుమార్ గారి పెరట్లో కూర్చుని టీ తాగడం మామూలే. ఆ సాయంత్రం హెలెన్ ఒక సందేహం అడిగింది. ఆమె ములింగార్ ఆసుపత్రిలో నర్సు. వరస నైట్ డ్యూటీలతో కళ్ళు లోపలికి పోయాయి, పగలు పడుకున్నా నిద్ర రావడం లేదు. ఎట్టకేలకు నాలుగు రోజులు సెలవు దొరికింది. విక్లో కొండల్లో టెంటు వేసుకుంటే నిద్ర పడుతుందా, ఇంట్లో ఉండటమే నయమా? భర్త గిడియన్‌కి టెంటంటేనే భయం.

"హెలెనమ్మా, సరైన మనిషినే అడిగావు," అని రత్నకుమార్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆయన భార్య సంతోషకుమారి బజ్జీల పళ్ళెం అందరి మధ్యా పెట్టి కూర్చుంది.

"పోయినేడాది ఆస్ట్రేలియా వెళ్ళామా, మా బావమరిది రాబర్ట్ మమ్మల్ని ఓ నేషనల్ పార్కుకు తీసుకెళ్ళాడు. ఎటు చూసినా జామాయిల్ చెట్లే. మన ఒంగోలు వైపు తోటల్లా కాదు, ఒక్కోదాని చివర చూడాలంటే మెడ పట్టేస్తుంది. ఓసారి గాలి పీలిస్తే చాలు, ఐర్లాండులో పట్టిన జలుబంతా దిగిపోయింది. రాబర్ట్ మేకులు వెతికేలోపు టెంటు నేనొక్కణ్ణే వేసేశా."

"ఒక్కరేనా అంకుల్?" అన్నాడు గిడియన్.

"ఒక్కణ్ణే. అదేం పెద్ద విషయం కాదులే. పొద్దున్నే కొండెక్కా. ఎంత తీరిగ్గా నడిచానంటే, పొగమంచు నన్ను దాటి పోవడానికి మొహమాటపడి వెనకే వచ్చింది. పైన కూర్చుంటే ఓ కంగారూ వచ్చి పక్కన చతికిలబడింది. పులిహోర పెట్టా. తిని, నా ఫ్లాస్కు పొట్ట సంచీలో వేసుకుని కిందిదాకా మోసుకొచ్చింది. టీ చల్లారితే ఒట్టు!"

"సంచీలో పిల్ల లేదా?"

"ఉంది బాబూ. అదేగా మూత గట్టిగా పట్టుకుంది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దుగూకింది. ఏటి ఒడ్డున నడుం వాల్చా. నా కళ్ళు మూతలు పడటం ఏరు చూసింది. చూసి, చప్పుడు తగ్గించుకుంది. కప్పలు ఒకదాన్నొకటి కసురుకుని నోళ్ళు మూసుకున్నాయి. ఇక చుక్కలా, ఎంత కిందికి దిగాయంటే, మంచినీళ్ళకని లేస్తే తలకు తగిలాయి. వంగి నడిచా. తడి తువ్వాలు ఒకదానికి తగిలిస్తే తెల్లారేసరికి ఆరింది."

"కాలిపోలేదా?"

"చిన్న చుక్క చూసి తగిలించాలి. వేడి తక్కువ."

గిడియన్ నవ్వాడు. హెలెన్ నవ్వలేదు. కప్పు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, "తర్వాత?" అంది మెల్లగా.

"తర్వాతేముంది, నిద్రే. నన్ను చూసి, చెట్టు మీద రోజంతా నిద్రపోయే కోవాలా సిగ్గుపడింది. ఎండ టెంటు మీదికి రావాలంటే అడిగి వచ్చేది. బయల్దేరే రోజు ఫారెస్టు రేంజరు వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. 'సార్, మీ గురకకు అలవాటుపడి అడవంతా హాయిగా పడుకుంటోంది, మీరు పోతే దీన్ని జోకొట్టేదెవరు, వీసా సంగతి మేం చూసుకుంటాం, ఉండిపోండి' అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇక్కడ ప్రార్థన ఆగిపోతుందని నేనే..."

"మీ గురక అడవిదాకా ఎలా వినపడిందండీ?" అంది సంతోషకుమారి. హెలెన్ వైపు తిరిగింది. "అన్నం లేనిదే ఈయనకు పూట గడవదని రైస్ కుక్కరు సూట్‌కేసులో పెట్టుకొచ్చారమ్మా. టెంటులో ప్లగ్గు ఎక్కడుందని రాబర్ట్‌ని అడిగారు. లేదన్నాడు. అంతే, కుక్కరు చంకన పెట్టుకుని ఊళ్ళో మోటెల్‌కి పోయారు. రాత్రుళ్ళన్నీ అక్కడే. టెంటులో పడుకున్నదీ నేనే, కొండెక్కిందీ నేనే. పొద్దున్నే కారులో వచ్చి, ఎలా ఉందో నాచేత చెప్పించుకునేవారు."

గిడియన్‌కి బజ్జీ పొలమారింది.

"చుక్కలు దిగాయని నువ్వే కదా అన్నావు!" అన్నాడు రత్నకుమార్ చిన్నబోయి.

"దిగాయి. అది మాత్రం నిజం."

"మరి నిద్ర పట్టిందా ఆంటీ?" హెలెన్ ఆత్రంగా ముందుకు వంగింది.

సంతోషకుమారి బజ్జీల పళ్ళెం పక్కకు జరిపింది. "నేను ముసలాళ్ళను చూసుకునే కేరర్ని కదమ్మా. ఇంట్లో పడుకున్నా ఓ చెవి వాళ్ళ బెల్లు మీదే ఉంటుంది. అక్కడ ఎవరూ పిలవలేదు. తెల్లారాకే లేచా. లేచి, ఎందుకో, హాయిగా ఏడ్చా."

హెలెన్ ఆమె చెయ్యి పట్టుకుంది. "శనివారం విక్లోకి నాతో మీరే రండి ఆంటీ."

"మరి అంకుల్?" అన్నాడు గిడియన్.

"అంకుల్‌కేం, గ్రాండ్‌గా ఉంటారు," అంది హెలెన్. "ఈ ఇంట్లో ప్లగ్గులకు కొదవా?"